ముందు బేబీకి

"ఉల్లిపాయలు బేబీకి ఇయ్యండే. దాని కళ్ళంట నీళ్ళు రావు," అంది జ్ఞానసుందరి, బుట్టని కాలితో కోడలి వైపు నెడుతూ.

ఆ మాట ఈ పది నెలల్లో బేబీ ఎన్నిసార్లు వినలేదు! లేజర్ ఆపరేషన్ వల్ల ఆ ఇంటికి ఒనగూడిన మేలు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. ఎన్ని ఉల్లిపాయలు తరిగినా బేబీ కంట చుక్క రాలదు. సంగతి బయటపడ్డ రోజు నుంచి ఎవరింట్లో ప్రార్థన కూటం జరిగినా, చర్చిలో స్త్రీల సమాజం విందు పెట్టినా, ఉల్లిపాయల బుట్ట తిన్నగా బేబీ ముందుకొచ్చి కూర్చుంటుంది. స్త్రీల సమాజానికి జ్ఞానసుందరే ప్రెసిడెంటు కాబట్టి అడిగేవాళ్ళు లేరు. అది సుఖం కాదనీ, నల్లగుడ్డు మీద స్పర్శ తగ్గిపోతే అలా అవుతుందని డాక్టరు చెప్పాడనీ బేబీ ఒకసారి నోరు విప్పబోయింది. "జబ్బయితే మంచం మీద ఉండాల గాని, కత్తిపీట మీద కూకుంటావేటే," అని అత్త నవ్వేసింది. పక్కనున్న ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకుంటూ తామూ నవ్వారు. వాళ్ళు కళ్ళు ఒత్తుకోవడం చూసి బేబీకి అసూయ పుట్టింది. నీళ్ళొచ్చే కళ్ళ మీద అసూయ పడే రోజు వస్తుందని ఎవరనుకుంటారు?

ఇవాళ్టి ఉల్లిపాయలు మరీ వింత. సాయంత్రం ఇంట్లో కృతజ్ఞత కూటం. దేవుడు కోడలికి మంచి చూపిచ్చాడని, కళ్ళద్దాల పీడ వదిలించాడని జ్ఞానసుందరి పెట్టుకున్న మొక్కు అది. పాస్టరు గారొస్తారు, సంఘం వాళ్ళొస్తారు, పాటలు పాడాక బేబీ లేచి తన కళ్ళ గురించి సాక్ష్యం చెప్పాలి, ఆ తర్వాత అందరికీ బిర్యానీ. ఎవరి కళ్ళ కోసం కూటమో ఆ మనిషి తెల్లారినప్పట్నుంచీ ఉల్లిపాయలు తరుగుతోంది. మధ్యమధ్య ఆ కళ్ళు ఇసక పోసినట్టు గరగరలాడుతున్నాయి. చేతులకి ఉల్లి ఘాటు, రుద్దుకోడానికి లేదు. అసలు కళ్ళు రుద్దుకోవడమే కూడదన్నాడు డాక్టరు. లేచి చేతులు కడుక్కుని చుక్కలు వేసుకుందామంటే, "మళ్ళీ లేసావా" అనే గొంతు గుమ్మంలోనే ఉంది.

ముప్ఫై రెండేళ్ళొచ్చినా ఆమె అందరికీ బేబీయే. మైనస్ ఏడు పవరున్న అద్దాలు తొమ్మిదో తరగతి నుంచీ ముక్కు మీద ఉండేవి. వాటిని పార్వతీపురంలో నాన్న విక్టర్ కొనిపెట్టాడు. ఆ ఆదివారం చర్చిలో గోడ మీద వేలాడే పలక, దాని మీద పాటల నంబర్లు మొదటిసారి కనపడ్డాయి. అంతవరకూ పక్కవాళ్ళ పుస్తకంలోకి తొంగి చూసి పేజీ తిప్పేది. అద్దాలు పెట్టుకుని పలక చూసి, అందరికంటే ముందు పేజీ తీసి కూర్చోవడంలో ఎంత గర్వముండేదో! అత్తారింట్లో ఆ అద్దాలకి సోడాబుడ్డి అని పేరు పడింది. పెళ్ళిలో ఫోటోలకి అద్దాలు తీసెయ్యమన్నారు. ఆ ఆల్బమ్‌లో బేబీ ఎవరినీ చూస్తున్నట్టుండదు, నిజానికి ఆవేళ ఆమెకి ఎవరూ కనపడలేదు. పెళ్ళికొడుకు బెన్హర్ కూడా తెల్లచొక్కా వేసుకున్న ఒక మసకే. గంజి వార్చేటప్పుడు అద్దాలకి ఆవిరి పట్టి చెయ్యి కాల్చుకుంటే, "కళ్ళు లేనోళ్ళకి పొయ్యెందుకు" అని అత్త. ఆఫీసు వాళ్ళింట్లో ఫంక్షనుకి వెళితే, "కాసేపు తీసి బ్యాగులో పెట్టుకో" అని మొగుడు. తీసి పెట్టుకుని, ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో తెలీక అందరికీ నవ్వుతూ కూర్చునేది.

కిందటి క్రిస్మస్ అయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర లేజర్ మాట వచ్చింది. కరెంటాఫీసులో బెన్హర్ పక్క సీటతను విశాఖలో చేయించుకున్నాడట, కాసేపట్లో అయిపోయిందట. బెన్హర్ చెల్లెలు దీవెనకీ అద్దాలున్నాయి. బీఈడీ చదివి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతోంది. "నాకు సేయించన్నియ్యా" అని తనే ముందు అడిగింది. జ్ఞానసుందరి కాసేపు ఆలోచించింది. "వదినకి పవరెక్కువ. ముందు బేబీకి సేయిద్దాం. నీకు ఎండాకాలం సెలవుల్లో సూద్దాం," అంది. దీవెన మూతి ముడుచుకుంది. బేబీ చారు గిన్నె తేవడానికని వంటింట్లోకి వెళ్ళి, అక్కడ ఒక్కత్తే నిలబడి నవ్వుకుంది. చేపల పులుసు కాస్తే నడిమి ముక్క బెన్హర్‌కి, ఆ పక్క ముక్క దీవెనకి, తలకాయో తోకో బేబీకి. ఎనిమిదేళ్ళుగా అదీ వరస. అలాంటి ఇంట్లో ఒక మంచి పని ముందు బేబీకి అన్నారు. ఆ రాత్రి అత్త కాళ్ళకి తైలం రాస్తూ, ఈవిడ నోరు చెడ్డదే గాని మనసు మంచిదని అనుకుంది కూడా. ఎంత పిచ్చిది!

జనవరిలో విశాఖ ఆస్పత్రిలో పరీక్షలకని కళ్ళలో మందు వేసి, కళ్ళు మూసుకోమని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎవరో "బేబీ గారి తాలూకు ఎవరండీ" అని పిలిచారు. బెన్హర్ లోపలికి వెళ్ళాడు. ఒక టీ తాగేంత సేపటికి తిరిగొచ్చి, "ఏటీ లేదు, అంతా మామూలే," అన్నాడు. ఒప్పుకోలు కాగితం మీద ఆయన వేలు పెట్టి చూపించిన చోట, మసకమసకగా బేబీ సంతకం పెట్టింది.

ఆపరేషనయ్యాక మొదటి వారం నిజంగా పండగే. అబద్ధం ఎందుకు చెప్పాలి? పొద్దున్న కళ్ళు తెరవగానే, దిండు కింద తడుముకోకుండా, ఎదర గోడ మీద గడియారంలో ముళ్ళు కనపడితే బేబీకి సంతోషంతో ఊపిరాడలేదు. అత్త ఆ పాత అద్దాలు తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పారేసి వచ్చింది.

నెల తిరిగేసరికి కళ్ళు ఎండిపోవడం మొదలైంది. నరసింగరావు గారి జిరాక్సు, డీటీపీ సెంటర్లో బేబీది టైపు పని. కోర్టు దావాలు, శుభలేఖలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, పొద్దున్నుంచి చీకటి పడేదాకా నెత్తి మీద ఫ్యాను, ముందు కంప్యూటరు. మధ్యాన్నానికి రెప్పలు గుడ్లకి అతుక్కుపోయేవి. ఇక చీకటి పడితే ప్రతి దీపం చుట్టూ ఒక వలయం. మార్చిలో ఒకరోజు స్కూటీ మీద ఇంటికొస్తుంటే ఎదురుగా లారీ దీపాలు విచ్చుకుపోయి రోడ్డంతా వెలుగే అయిపోయింది. ఆ వెలుగులో మనిషెక్కడో, గొయ్యెక్కడో, ఆవెక్కడో తెలీలేదు. ఆపేసి, దిగి, అక్కణ్ణించి ఇంటిదాకా బండిని తోసుకుంటూ నడిచింది. వణుకుతూ చెబితే బెన్హర్ నవ్వాడు. "లైట్లకి రింగులేటి బేబీ? బుర్రలో పెట్టుకుంటే అలగే అనిపిస్తాది." మర్నాటి నుంచి స్కూటీ దీవెనది. చీకటి పడకముందే బేబీ పని వదిలేసి రావాల్సొచ్చింది. పెళ్ళిళ్ళ రోజుల్లో సాయంత్రాలు పని చెయ్యని మనిషి ఎందుకని నరసింగరావు గారు శుభలేఖల పని ఇంకొకరికి ఇచ్చేశారు. అక్షరాలు అందంగా పేర్చే పని అదొక్కటే. దావాలు మాత్రం ఈమెకి మిగిలాయి.

ఇంట్లో మాటలు మాత్రం తగ్గలేదు. సుఖం తెలీని మనిషికి సుఖమిస్తే ఇలాగే ఉంటుందని అత్త. అద్దాలున్నప్పుడు అద్దాల ఏడుపు, లేకపోతే లేవని ఏడుపని మొగుడు. కళ్ళు మండుతున్నాయంటే ఫోను చూడ్డం తగ్గించమనేవాడు. బేబీ ఫోనుకి నొక్కే బటన్లే గాని చూసేందుకేమీ లేదని ఆయనకి తెలుసు. కొన్నాళ్ళకి బేబీకే అనుమానం వచ్చింది. నిజంగా నా భ్రమేనేమో, ఒళ్ళు బాగానే ఉండి మనసే చెడిందేమో అని. సాయంత్రం వీధి దీపం వెలిగే వేళకి మెట్ల మీద కూర్చుని ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి, వలయం ఉందా లేదా అని పరీక్ష చేసుకునేది. ఉండేది. అయినా ఇంట్లోకి వెళ్ళి ఆ మాట చెప్పే ధైర్యం ఉండేది కాదు. ఆస్పత్రి కోత కంటిపొర మీదే. తన చూపు మీద తనకే నమ్మకం పోయేలా చేసింది మాత్రం ఈ ఇల్లే.

మే నెలలో మళ్ళీ చూపించుకోడానికి విశాఖ వెళ్ళారు. చుక్కలు రాసిచ్చి పంపేముందు కౌన్సెలర్ అమ్మాయి పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడింది. బేబీ చెప్పిందంతా విని, ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఇవి రావచ్చని మీ సార్‌కి ముందే వివరంగా చెప్పాం మేడమ్. కళ్ళు పొడిబారడం, రాత్రిళ్ళు దీపాల చుట్టూ వలయాలు. మీ పవర్ ఎక్కువ కాబట్టి అవకాశం ఇంకాస్త ఎక్కువని కూడా చెప్పాం. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొందరికి ఉండిపోతుంది," అంది. తర్వాత ఏదో గుర్తొచ్చి, "మీరు రోజంతా కంప్యూటర్ ముందుంటారా? అడిగితే సార్ ఏ పనీ లేదు, ఇంట్లోనే ఉంటారన్నారే. తెలిసుంటే ముందు కళ్ళ పొడిదనం పరీక్షించి, దానికి మందులు వాడాకే ఆపరేషన్ సంగతి చూసేవాళ్ళం," అంది.

బేబీ బెన్హర్ వైపు చూసింది. ఆయన గోడ మీది కన్ను బొమ్మని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

తిరుగు బస్సు కొత్తవలస దాటింది. తర్వాత బేబీయే అడిగింది. ఎందుకు చెప్పలేదు? చెబితే భయపడతావని చెప్పలేదన్నాడు. మరి ఇంట్లోనే ఉంటానని ఎందుకన్నారు?

"కరెంటాఫీసోడి పెళ్ళాం జిరాక్సు షాపులో టైపు కొడతాదని ఆ ఏసీ రూములో సెప్పమంటావేటి?" అన్నాడు బెన్హర్. అని, కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

బేబీకి నిద్ర రాలేదు. ఒళ్ళంతా కోపం. ఆరేళ్ళుగా టైపు కొడుతోంది. దీవెన బీఈడీ ఫీజులోనూ ఆ టైపు ఉంది, ఇప్పుడు గురక పెడుతున్న ఈయన పళ్ళు కట్టించుకోవడంలోనూ ఉంది. డబ్బు తీసుకున్నప్పుడు అది పనే. నలుగురిలో చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం బేబీ ఇంట్లోనే ఉంటుంది. ఆ ఒక్క మాట పరువుకి అడ్డొచ్చి మింగేశాడు, పోయినవి ఈమె కళ్ళు. చీకటి పడి విజయనగరంలో దీపాలన్నీ వలయాలు కట్టుకుని ఎదురొచ్చాయి. ఇవి నా భ్రమ కాదు, వీటికి పేరుంది, ఈ మనిషికి ఆ పేరు జనవరి నుంచీ తెలుసు అనుకుంటూ వాటన్నిటినీ కళ్ళు మండేదాకా చూసింది.

ఇంటికెళ్ళాక తల్లీకొడుకులు గదిలో చాలాసేపు మెల్లగా మాట్లాడుకున్నారు. మర్నాడు అంతా మామూలే. అవే మాటలు. బుర్రలో పెట్టుకోకు. అన్నీ నీ ఊహలు. ప్రార్థన చేసుకో.

ప్రార్థన కూడా ఆమెని వదల్లేదు. చర్చిలో దీర్ఘ ప్రార్థన వేళ ఆడవాళ్ళందరూ కన్నీళ్ళు పెట్టుకుంటే బేబీ మాత్రం పొడి కళ్ళతో కూర్చునేది. "నీ గుండె రాయైపోయిందే, ప్రార్థనలో ఒక్క సుక్క రాల్చవు," అని అత్త దెప్పేది. సెప్టెంబరులో ఒక ఆదివారం కళ్ళు భరించలేనంతగా మండితే, తలవంచుకున్నట్టే వంచుకుని, కొంగు చాటున సీసా తీసి చుక్కలు వేసుకుంది. హడావుడిలో ఎక్కువ పడి బుగ్గల మీదుగా కారాయి. సరిగ్గా అప్పుడే జ్ఞానసుందరి కళ్ళు తెరిచింది. కోడలి చెంపల మీద ధారలు చూసి పరవశించిపోయింది. ఇంటికెళ్ళే దారంతా చెప్పుకుంటూనే ఉంది, దేవుడు దాని గుండె కరిగించాడు, చేసిన మేలు ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది అని. అవి మందు చుక్కలని బేబీ చెప్పింది. ఎవరు వింటారు? ఆ మందు చుక్కల మీద కట్టిందే ఈ కృతజ్ఞత కూటం.

తరిగిన ముక్కలు గుట్టగా పేరుకున్నాయి. దీవెన అల్లం వెల్లుల్లి తీసుకెళ్ళడానికి వంటింట్లోకొచ్చి, ఘాటుకి అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. చెడ్డ పిల్ల కాదు దీవెన. తల్లి చూడనప్పుడు వదినకి టీ పెట్టిచ్చే పిల్లే.

"క్రిస్మస్ సెలవుల్లోనా నీది?" అడిగింది బేబీ. ఎండాకాలంలో అవ్వాల్సింది వాయిదా పడిందనే అనుకుంటోంది.

"ఏటది?"

"లేజరు."

"నాకా? లేదు గదా వదినా. అమ్మ ఒద్దనీసింది. అప్పుడే, మే నెల్లోనే అన్నియ్య ఆస్పత్రికి ఫోన్ సేసి మానిపించీసినాడు. నీకు సెప్పలేదా?" అంటూ దీవెన అద్దాలు కొంగుతో తుడుచుకుంది. "నీ అవస్త సూస్తన్నాం గదా, ముందు నీకు సేయించి సూడ్డం మంచిదైంది, లేకపోతే నా కళ్ళు పోయేవని అమ్మ..."

అక్కడికొచ్చి దీవెన ఆగిపోయింది. తను ఏమంటోందో తనకే వినపడినట్టుంది. అల్లం వెల్లుల్లి అక్కడే వదిలేసి, వదిన మొహం చూడకుండా వెళ్ళిపోయింది.

బేబీ చేతిలో ఉల్లిపాయ సగం తరిగి ఉంది. మే నెల్లోనే. విశాఖ నుంచి వచ్చిన ఆ వారమే. అంటే ఈ ఆరు నెలలూ వాళ్ళకి తెలుసు. దీపాల చుట్టూ వలయాలున్నాయని తెలుసు, కళ్ళలో ఇసక ఉందని తెలుసు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నమ్మారు. కన్నపిల్లని కాపాడుకోడానికి సరిపడా నమ్మారు. బుర్రలో పెట్టుకోకు అని ఆమెకి చెబుతూనే, ఆమె మాట మీద దీవెనకి మానిపించారు. చేపల పులుసు వరస ఎప్పుడూ తప్పని ఇంట్లో, ఆ ఒక్కటీ ముందు బేబీకి ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది. ఏడవాలనిపించింది. కళ్ళు మండాయి గాని ఏమీ రాలేదు. మిగతా ఉల్లిపాయలు బుట్టలోనే వదిలేసి, కత్తిపీట మడిచి, చేతులు శుభ్రంగా కడుక్కుని, అందరూ చూస్తుండగానే వరండాలో కూర్చుని చుక్కలు వేసుకుంది. సోమవారం వేరే డాక్టరు దగ్గరికి ఒక్కత్తే వెళ్ళాలని అక్కడే అనుకుంది. ఏం పని చేస్తావని అడిగితే తనే చెబుతుంది.

సాయంత్రం వాకిట్లో జంపకానాలు పరిచారు. ట్యూబులైట్లు కట్టారు, ఒక్కోదాని చుట్టూ ఒక్కో తెల్లటి మసక. ముందు వరసలో తాతమ్మ కూర్చుంది. ఉచిత శిబిరంలో శుక్లాలు తీయించుకున్న ముసలావిడ. పాటలయ్యాయి, పాస్టరు గారు వాక్యం చెప్పారు. బెన్హర్ ఇస్త్రీ చొక్కాలో కుర్చీల దగ్గర నిలబడ్డాడు. జ్ఞానసుందరి కోడల్ని మోచేత్తో పొడిచి లేపింది.

"ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు," అంది బేబీ.

"వందనాలు," అన్నారందరూ.

బేబీ జనం వైపు తిరిగింది. "మా అత్తగారు నా కళ్ళ కోసం ఈ కూటం పెట్టినారు. నా కళ్ళు బాగోలేవు. పగలు మండతాయి, రాత్రి దీపాలు సరిగా కనపడవు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో నా మాట ఎవరూ నమ్మలేదనుకున్నాను. అది నా తప్పు. నమ్మినారు. నమ్మబట్టే మే నెల్లో మా దీవెనకి ఆపరేషన్ మానిపించినారు. ఆ పిల్ల కళ్ళు నిలబడ్డాయి. నా మాట ఆ పిల్లకైనా పనికొచ్చింది. దానికే నేను దేవుడికి కృతజ్ఞత సెల్లిస్తన్నాను."

"స్తోత్రం," అన్నారు అందరూ అలవాటుకొద్దీ. ఆ తర్వాత ఆ మాట మెల్లగా లోపలికి దిగింది. బెన్హర్ ట్యూబులైటు వైరు సరిచేస్తున్నట్టు వెనక్కి తిరిగాడు. దీవెన అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని తలవంచుకుంది. ఆ పిల్ల కళ్ళంట మాత్రం నీళ్ళు కారుతున్నాయి. తాతమ్మ చెయ్యి పైకెత్తి, "మరి పెళ్ళాం కళ్ళో బెన్హరూ?" అంది, పెద్దగానే. పాస్టరు గారు గబగబా ముగింపు పాట ఎత్తుకున్నారు.

బిర్యానీకి ఆకులు వేశారు. ఎప్పుడూ మగవాళ్ళు, చుట్టాలు, ముసలాళ్ళు తిన్నాక, ఇంటాడవాళ్ళు తింటారు. అందరికంటే చివర బేబీ. ఇవాళ బేబీ మొదటి పంక్తిలో తాతమ్మ పక్కన ఆకు ముందు కూర్చుంది. జ్ఞానసుందరి గరిటె పట్టుకుని దగ్గరికొచ్చి, నవ్వు మొహం పెట్టుకుని, పళ్ళ మధ్య నుంచి అంది.

"ఇదేటే బేబీ, ఇలా కూకున్నావు? వడ్డన ఎవులు సేస్తారు?"

బేబీ ఆకు మీద నీళ్ళు చల్లుకుంది.

"సీకటడిపోనాది అత్తా. వేడి గిన్నెలు పట్టుకుని మనుషుల మధ్య తిరగలేను, నాకు కనపడదు," అంది, పక్క పంక్తికి కూడా వినపడేలా. "మీకు తెలుసు గదా."